ఆగస్టు 16కి ముందు: చిన్న తరగతుల అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది 2021 ఆగస్టు మొదటి వారం. నేను శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. 16న బడి తెరుస్తారని తెలిసిన దగ్గర్నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మీరే ఒకరికొకరు పంపుకుంటారని కూర్చుని రాశాను. ప్రశ్నలు మీరు అడిగినవే, కొన్నిటిని మీ మాటల్లోనే ఉంచాను. జవాబులు మాత్రం నావి. ప్రభుత్వ ఉత్తర్వులనుకుని ఎవరి మీదికీ వెళ్లకండి.

ఈసారి నిజంగా తెరుస్తారా? ఫిబ్రవరిలో తెరిచినట్టే తెరిచి మూసేస్తారా?

తెరుస్తామని ప్రభుత్వం చెప్పింది. మేం గదులు కడిగించుకుంటున్నాం. అంతకు మించి హామీ ఇచ్చే స్థాయి నాది కాదు.

మీ అనుమానంలో తప్పేం లేదు. కరోనా వల్ల 2020 మార్చి 19న మూసిన బడి చిన్న తరగతులకు మళ్లీ తెరుచుకున్నది 2021 ఫిబ్రవరి 1న. అదీ మీ సంతకంతో అంగీకార పత్రం తెచ్చిన పిల్లలకే. ఏప్రిల్ 20 నుంచి మళ్లీ తాళం. అంటే ఈ పదిహేడు నెలల్లో పిల్లలు బడిలో కూర్చున్నది పదకొండు వారాలు. రోజు విడిచి రోజు వచ్చినవాళ్లకు అందులో సగం. తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ పడిపోయినప్పుడు కూడా మన పిల్లలు బడికి ఇంత దూరం కాలేదు.

"ఏటి మేడమ్, ఇంక పది రోజులే కదా. ఫోన్ పాఠాలు ఇప్పుడు మానేస్తే ఏటవుతాది?"

వీడియోలు మానేస్తే ఏమీ కాదు. టీచరయ్యుండి ఈ మాట అనకూడదేమో గానీ, అదే నిజం. మూడు నిమిషాలు పాఠం చూసి నాలుగో నిమిషంలో కార్టూన్‌లోకి జారిపోతున్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మానకూడనిది ఒకటుంది. రోజుకి పది నిమిషాలు పైకి చదవడం. పుస్తకం ఏదైనా ఫరవాలేదు, కిందటి ఏడాదిదైనా సరే. మనసులో చదువుకుంటున్నానంటే ఒప్పుకోవద్దు. మీరు బియ్యం ఏరుతున్నా, వల బాగుచేసుకుంటున్నా పక్కన కూర్చుని మీకు వినబడేలా చదవాలి. రాత్రి నేను చేసే ఫోన్ కూడా ఇందుకే. ఆ ఫోన్ మాత్రం ఎత్తండి.

మా పాప వర్క్‌షీట్లన్నీ చేసింది, మీరు కూడా ప్రతిదానికీ 'గుడ్' పెట్టారు. అంటే వచ్చినట్టే కదా?

నాకు గుచ్చుకున్న ప్రశ్న ఇదే. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రాత్రి పదింటికి నలభై ఫొటోలు వచ్చి పడతాయి. సగం మసక, కొన్ని తలకిందులు. జవాబులు నిండుగా ఉంటే బొటనవేలు బొమ్మ పెట్టేసి పడుకున్న రోజులున్నాయి. ఒప్పుకుంటున్నాను.

జూలైలో మూడో తరగతి పాప ఒకామె ఇంటికి వెళ్లాను. ఆమె వర్క్‌షీట్లు ఎప్పుడూ ముందు వచ్చేవి, ఒక్క తప్పుండేది కాదు. వాళ్లమ్మ అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. పిక్కల నూనెకి వేళ్లు నల్లగా మాడి ఉన్నాయి. కాగితాలు తెప్పించి చూశాను. ప్రతి కాగితం అంచునా నల్లటి వేలిముద్ర. ఫొటోలో అది నీడ అనుకున్నానిన్నాళ్లూ. అక్షరాలు చూస్తే ఎనిమిదేళ్ల పిల్లవి కావు. ఒకే బరువుతో, ఎక్కడా చెరపకుండా, 'ళ' తోకని గిరుక్కున తిప్పి రాసిన పెద్దవాళ్ల రాత.

పాపని చదవమన్నాను. పాఠం గడగడా చదివేసింది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ అడిగాను. మళ్లీ గడగడా. అదే పాఠంలోని మాటల్ని అటూ ఇటూ చేసి కాగితం వెనకాల రాసి చూపించాను. 'ఆవు' చదివింది. 'గడ్డి' దగ్గర ఆగిపోయింది. 'గ' వచ్చు, 'డ' వచ్చు. గుడి పెట్టి కింద ఒత్తు ఇచ్చేసరికి అది ఆమెకు కొత్త బొమ్మ. నా వైపు చూడలేదు, వాళ్లమ్మ మొహం చూసింది.

ఆ తల్లి ఎంత సిగ్గుపడిందో చెప్పలేను. "గ్రూపులో అందరి పిల్లలదీ వస్తే మా పాపది రాకపోతే బాగోదని రాశాను మేడమ్" అంది. ఆమెకి ఆ టెన్షన్ పెట్టింది నేనే. రోజూ ఎవరు పంపారో, ఎవరు పంపలేదో జాబితా గ్రూపులో పెట్టింది నేనే కదా. ఆ రోజు నుంచి జాబితా ఆపేశాను.

కాబట్టి నా 'గుడ్'ని నమ్మకండి. చదివించి చూడండి.

మాకు పెద్దగా చదువు రాదు. పిల్లాడికి వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

చదువు రాకపోయినా చెవులున్నాయి కదా. బట్టీ పట్టినది పాటలా సాగిపోతుంది. నిజంగా చదివేవాడు తడుముకుంటాడు, ఆగుతాడు, వెనక్కి వెళ్తాడు. తడబాటు వినబడితే కంగారు పడకండి, అక్కడ చదువు జరుగుతోంది.

ఇంకో కిటుకు. పుస్తకంలో ఒక లైను చివరి మాట మీద మీరు వేలు పెట్టి అక్కడి నుంచి వెనక్కి ఒక్కొక్క మాటే చదవమనండి. బట్టీ వచ్చినవాడు వెనక్కి నడవలేడు. పుస్తకమే అక్కర్లేదు, ఉప్పు ప్యాకెట్టు, బస్సు బోర్డు, పంచాయతీ గోడ మీది రాతలు ఏవైనా సరే.

ఎక్కడ ఆగుతున్నాడో చూడండి. కొందరికి అక్షరాలే కలగాపులగం. 'ప', 'వ', 'మ' ఒకదానికొకటి అంటగడతారు. 'ద'కీ 'డ'కీ తేడా పోతుంది. కొందరికి అక్షరాలొచ్చు, గుణింతం దగ్గర గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలీదు, 'తిను' 'తీను' ఒకటే. ఎక్కువమంది నిలబడిపోయిన చోటు ఒత్తు. 'బడి' చదువుతారు, 'బండి' చదువుతారు, 'బడ్డీ' అనేసరికి నీళ్లు నమలుతారు. నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా చదివి అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పగలిగితే మీవాడు బాగానే ఉన్నట్టు.

ఎక్కడ ఆగాడో ఒక చీటీ మీద రాసివ్వండి, లేదా ఫోన్‌లో మాటగా చెప్పి పంపండి. "మావాడు మొద్దు మేడమ్" అని మాత్రం వాడి ముందు అనకండి. దాంతో నాకు ఏ సమాచారమూ అందదు. వాడికి మాత్రం బాగా అందుతుంది.

లెక్కల సంగతేంటి?

లెక్కల్లో పిల్లలు మనం అనుకున్నంత వెనకబడలేదు. కాగితం మీద వెనకబడ్డారు.

మా నాలుగో తరగతి కుర్రాడొకడు సాయంత్రాలు వాళ్ల పిన్ని కొట్లో కూర్చుంటాడు. ముప్పై రెండు రూపాయల సరుక్కి యాభై ఇస్తే పద్దెనిమిది టక్కున చేతిలో పెడతాడు. అదే 50 – 32 పలక మీద వేయమంటే 22 వేశాడు. సున్నాలోంచి రెండు పోదు కాబట్టి రెండులోంచి సున్నా తీసేశాడు! 42 – 17 ఇస్తే 35. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడమే వాడికి తెలిసిన తీసివేత. "కొట్లో అయితే ఇలా ఇస్తావా?" అంటే నవ్వి, "కొట్లో లెక్క వేరు మేడమ్" అన్నాడు. ఆ రెండు లెక్కలూ ఒకటేనని వాడికి చూపించేవాళ్లు ఈ పదిహేడు నెలల్లో లేకపోయారు.

ఇంకోటి, నూట ఐదు రాయమంటే 1005 రాస్తున్నారు. విన్నది విన్నట్టు రాస్తున్నారన్నమాట, నూరు రాసి పక్కన ఐదు. స్థానాల సంగతి చేతితో పట్టుకుంటే గానీ ఎక్కదు.

ఇంట్లో చేయగలిగింది చెబుతాను. చీపురుపుల్లలు విరిచి పదేసి పుల్లలు రబ్బరు బ్యాండుతో కట్టండి. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు: నలభై రెండు. ఇప్పుడు పదిహేడు ఇవ్వమనండి. విడిగా ఏడు లేవు. పిల్లాడు కాసేపు చూసి తనే ఒక కట్ట విప్పుతాడు. ఆ కట్ట విప్పడమే మేం బడిలో 'అప్పు తెచ్చుకోవడం' అని చెప్పేది. మీరు విప్పేయకండి, వాడిని విప్పనివ్వండి. చింతపిక్కలతో కూడా చేయొచ్చు గానీ వాటిని కట్టలు కట్టలేం.

రెండో తరగతికి వచ్చాడు గానీ ఒకటో తరగతే చదవలేదు. మళ్లీ ఒకటిలో కూర్చోబెట్టండి మేడమ్.

కూర్చోబెట్టను. కిందటి ఏప్రిల్‌లో ఒకటి నుంచి తొమ్మిది వరకు అందరినీ పరీక్షల్లేకుండా పై తరగతికి పంపారు. విద్యాహక్కు చట్టం కూడా పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలోనే ఉంచమంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఒకటిలో కూర్చోబెడితే వాడికి ఒకటో తరగతి రాదు, అవమానం వస్తుంది. ఊళ్లో వాడి ఈడు గుంటలందరూ పై తరగతిలో ఉంటారు కదా.

పేరు రెండో తరగతి రిజిస్టర్లోనే ఉంటుంది. పాఠం మాత్రం వాడు ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. మొదటి వారాల్లో నేను తరగతులు చూడను. అక్షరాలు రానివాళ్లు ఒకవైపు, గుణింతాల వాళ్లు ఒకవైపు, చదవగలిగినవాళ్లు వరండాలో. మూడో తరగతి పిల్ల, రెండో తరగతి పిల్లాడు ఒకే చాప మీద కూర్చున్నారని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. పోయినేడాది ఒకటిలో చేరినవాళ్లలో కొందరికి పెన్సిలు పట్టుకోవడం కూడా కుదరడం లేదు, గుప్పిట్లో పట్టుకుంటున్నారు. అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఉన్నది ఒక్క ఫోను. అది వాళ్ల నాన్నతో వెరావల్ వెళ్లిపోతోంది. మరి మా పిల్లలు?

ఆగస్టు వస్తే మన తీరం ఊళ్ల మగాళ్లు గుజరాత్‌కి చేపల వేటకి బయల్దేరతారు, టచ్ ఫోన్ వాళ్ల జేబులోనే పోతుంది. ఇంటికి మిగిలేది నొక్కుడు ఫోన్. కిందటేడు లాక్‌డౌన్‌లో ఆ మగాళ్లు వెరావల్లో చిక్కుకుపోయినప్పుడు ఆ నొక్కుడు ఫోనే ఇంటికి దిక్కయింది. ఇప్పుడు చదువుకీ అదే చాలు. ఏ నంబరుకి చేయాలో నాకు చెప్పండి, రాత్రి ఏడున్నర తరవాత చేస్తాను. పిల్ల ఒక పేజీ చదువుతుంది, నేను వింటాను. ఐదు నిమిషాల పని.

పిల్లల్ని హైటెక్, లోటెక్, నోటెక్ అని మూడు రకాలుగా రాసుకోమన్నారు మమ్మల్ని. ఇంటర్నెట్ ఉన్నవాళ్లు, టీవీ రేడియో ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు. రెండోవాళ్ల కోసమే దూరదర్శన్ సప్తగిరిలో, ఆకాశవాణిలో పాఠాలు ఇచ్చారు. నేనూ రాసుకున్నాను ఆ జాబితా. విచిత్రం ఏంటంటే, 'నోటెక్' కింద రాసినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు మా బడి పిల్లలందరికన్నా బాగా చదువుతున్నారు. వాళ్ల ఇంట్లో ఇంటర్ చదివే అక్క ఉంది.

మా వీధిలో డిగ్రీ చదివిన అమ్మాయి ట్యూషన్ చెబుతోంది. పంపమంటారా?

పంపండి. కానీ ఆ అమ్మాయికి నా మాటగా ఒకటి చెప్పండి. ప్రశ్నలూ జవాబులూ నోటుబుక్కులోకి ఎక్కించడం వద్దు. కథ చెప్పించండి, చదివించండి, తప్పయితే తిట్టకుండా ఇంకోసారి. ఇరవై పేజీలు నిండిన నోటుబుక్కు చూసి డబ్బులిచ్చే తల్లిదండ్రులు ఉన్నంతకాలం ఆ అమ్మాయి ఎక్కించకుండా ఉండలేదు, అది కూడా నిజమే.

కొత్త పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీష్. ఏది చదివించాలి?

ముందు తెలుగు పేజీ. విషయం అర్థమయ్యాక ఎదుటి పేజీలోకి దాటించండి. అక్కడ తెలిసిన సంగతినే కొత్త మాటల్లో చూస్తాడు కాబట్టి భయం తగ్గుతుంది. ఆ పుస్తకాన్ని అలా వేసింది అందుకే. ఇంగ్లీష్ మీడియం అన్నారు కదా అని తెలుగు పేజీ మడిచిపెట్టే వాళ్లున్నారు. అమ్మభాషలో ఒత్తులు రాని పిల్లకి ఇంగ్లీష్ స్పెల్లింగులు బట్టీ వేయిస్తే రెండూ పోతాయని నా అభిప్రాయం. వేరే అభిప్రాయం ఉన్న టీచర్లున్నారు, వాళ్లతో వాదించే ఓపిక ఈ వారం నాకు లేదు.

మేం సీతంపేట కొండల నుంచి జీడితోట కాపలాకి వచ్చాం. ఇంట్లో సవర మాట్లాడతాం. పిల్లకి మీ తెలుగే సరిగా రాదు.

తప్పకుండా తీసుకురండి. ఆ పాప ఏడాదిన్నరగా తెలుగు వినే అవకాశమే లేకుండా ఉంది, మిగతా పిల్లలకి బడి మాత్రమే పోయింది, ఆమెకి బడితోపాటు బడి భాష కూడా పోయింది. మొదట్లో ఆమె సవరలోనే జవాబు చెప్పినా నేను ఆపను. మీరు పక్కన ఉండి నాకు అర్థం చెబితే చాలు. తెలుగు లిపిలో అచ్చయిన సవర వాచకాలు ఉన్నాయి, అటువైపు పనిచేసే స్నేహితురాల్ని ఒకటి పంపమని అడిగాను.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. మన జిల్లావాడే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మేష్టరుగా ఉండగా సవర నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఈ నెల 29న ఆయన పుట్టినరోజుకి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఈసారి ఆదివారం పడింది. శనివారమే చేసి మీ పాప చేత సవరలో ఒక పాట పాడిద్దామనుకుంటున్నాను. ఆమెకి ఇష్టమైతేనే.

ప్రైవేటు బడిలో ఫీజు బాకీ ఉంది. టీసీ ఇవ్వం అంటున్నారు. మీ దగ్గర చేర్చుకుంటారా?

చేర్చుకుంటాం. టీసీ లేదని ప్రాథమిక తరగతుల్లో పిల్లల్ని వెనక్కి పంపడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. పిల్లని తీసుకుని రండి, కాగితాలు తరవాత చూసుకుందాం.

గదిలో ఎంతమందిని కూర్చోబెడతారు? కరోనా భయం పోలేదు మాకు.

ఫిబ్రవరిలో గదికి ఇరవై మందిని మించనివ్వలేదు, ఇప్పుడూ ఆ లెక్కే పాటిస్తాం. సరిపోకపోతే రోజు విడిచి రోజు. జ్వరం, దగ్గు ఉంటే హాజరు గురించి ఆలోచించకుండా ఇంట్లో ఉంచండి. మాస్కు రెండు పంపండి, ఒకటి పదింటికల్లా ఎక్కడో పోతుంది.

మధ్యాహ్న భోజనం ఉంటుందా?

ఉంటుంది. ఇన్నాళ్లూ బియ్యం, గుడ్లు, చిక్కీ ఇంటికి ఇచ్చాం. చిన్న తరగతి పిల్లకి రోజుకి వంద గ్రాముల లెక్కన వచ్చిన ఆ బియ్యం ఇంటిల్లిపాదీ తిన్నారని నాకు తెలుసు, తప్పుపట్టను. ఇకనుంచి వేడన్నం పిల్ల కంచంలోనే పడుతుంది.

"మా గుంటడు రానంటున్నాడు మేడమ్. ఏడుస్తన్నాడు."

వాడొక్కడే కాదు. ఏడాదిన్నర అమ్మ కొంగు పట్టుకుని తిరిగాడు, పొద్దెక్కేదాకా పడుకున్నాడు, ఇప్పుడు ఒక్కసారిగా గంట కొడితే ఎలా వస్తాడు? ఈ వారం నుంచే ఏడింటికి లేపండి. ఒకటి రెండుసార్లు బడి దాకా నడిపించి తీసుకురండి, మేం లోపలే ఉంటాం, వేపచెట్టు కింద కాసేపు ఆడుకుని వెళ్లిపోతాడు. "మేడమ్ బెత్తం పట్టుకుని కూర్చుంది" అని భయపెట్టేవాళ్లు దయచేసి మానండి. ఆ బెత్తం ఏదో నేనూ చూడలేదు.

ఉభాలు, అదే వరినాట్లు, నడుస్తున్నాయి, మీకు కూలి దొరికే రోజులివే, చంటిబిడ్డని చూడటానికి పెద్దపిల్లని ఇంట్లో ఉంచేస్తారని నాకు తెలుసు. అంగన్‌వాడీ పక్కనే ఉంది, ఆయాగారితో మాట్లాడాను. అదీ కుదరని రోజున చెల్లెల్ని చంకనేసుకుని రమ్మనండి. ఏడిస్తే ఊరుకోబెడదాం.

మొదటి రోజు పరీక్ష పెడతారట కదా?

మార్కుల పరీక్ష కాదు. ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుని కాస్త చదివిస్తాను, నాలుగు లెక్కలు అడుగుతాను. దానికోసం ఇప్పుడు బట్టీ పట్టించారో, జూలైలో నేను పడ్డ గుంటలోనే మళ్లీ పడతాను.

16న ఏం పంపాలి?

నీళ్ల సీసా, మాస్కులు, ఉంటే పలక. కొత్త బ్యాగు, పుస్తకాలు, బూట్లు ప్రభుత్వం ఇచ్చే విద్యాకానుక కిట్‌లో వస్తాయి, కొనకండి. పాత బూట్లు పట్టకపోతే చెప్పులతోనే పంపండి.

పాత వర్క్‌షీట్లు దాచినవాళ్లు అవి కూడా పంపండి. మీరు రాసినవైతే మీరు రాసినవే. నూనె మరకలు ఉన్నాయని కొత్త కాగితం మీద ఎక్కించి పంపొద్దు.